హార్వే కుషింగ్

హార్వే విలియమ్స్ కుషింగ్ (ఏప్రిల్ 8, 1869 - అక్టోబరు 7, 1939) అమెరికాకు చెందిన ప్రముఖ శస్త్రవైద్యుడు, గ్రంథకర్త. మెదడు, నాడీమండల శస్త్రచికిత్సను ఒక ప్రత్యేక వైద్యశాఖగా తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు. పీయూష గ్రంథికి సంబంధించి ఇతడు 1932లో వర్ణించిన వ్యాధి కుషింగ్ వ్యాధి అనే పేరుతో నేటికీ వైద్య గ్రంథాలలో ఉంది. ఇతని పేరు వినగానే వైద్య విద్యార్థులకు ఆ వ్యాధే గుర్తుకు వస్తుంది గానీ, ఇతని జీవితంలో అధిక భాగం మరొక సమస్యతో గడిచింది. మెదడులో పెరిగే కణితులు, తిత్తులు అన్నీ క్యాన్సర్లు కావు. వాటిలో చాలా భాగం నెమ్మదిగా పెరిగేవి, ఇతర అవయవాలకు వ్యాపించనివి. అయినప్పటికీ అవి పుర్రెలో ఇమిడి ఉండటం వలన భరింపరాని తలనొప్పిని, అంధత్వాన్ని, చివరకు మరణాన్ని తెచ్చిపెట్టేవి. అటువంటి రోగులను బ్రతికించటమే గాక వారు మరల తమ పనిపాటలు చేసుకోగల స్థితికి తేవచ్చునని కుషింగ్ ఆచరణలో చూపించాడు.

జననం, విద్య

కుషింగ్ ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో జన్మించాడు. తండ్రి హెన్రీ కిర్క్ కుషింగ్, తల్లి బెట్సీ మరియా విలియమ్స్. పదిమంది సంతానంలో ఇతడు చివరివాడు. తండ్రి, తాత, ముత్తాత ముగ్గురూ వైద్యులే. 1891లో యేల్ విశ్వవిద్యాలయం నుండి పట్టం పొంది, 1895లో హార్వర్డ్ వైద్య కళాశాల నుండి వైద్య పట్టభద్రుడయ్యాడు. చిన్ననాటి నుండి బొమ్మలు గీయటంలో నేర్పు ఉండేది. ఆ నేర్పు తరువాత వృత్తికి ఎంతగానో ఉపకరించింది. ప్రతి శస్త్రచికిత్స పూర్తి కాగానే తాను చూసినదానిని తన చేతితో బొమ్మ గీసి, వివరాలు రాసి గాని విశ్రమించేవాడు కాదు.

విద్యార్థిగా ఉన్నప్పుడే ఒక చేదు అనుభవం ఎదురయింది. ఆ రోజుల్లో ఈథర్ మత్తు ఇచ్చే పనిని విద్యార్థులకే అప్పగించేవారు. కుషింగ్ మత్తు ఇస్తుండగా ఒక రోగి మరణించాడు. వైద్యవృత్తినే వదలివేయాలన్నంతగా అతడు కృంగిపోయాడు. తరువాత సహాధ్యాయి ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో కలిసి, మత్తులో ఉన్న రోగి నాడి, శ్వాసలను నిమిషాల వారీగా కాగితం మీద నమోదు చేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. నేడు ఏ ఆసుపత్రిలోనైనా మత్తు వైద్యులు నింపే పట్టికకు మూలం ఇదే.

బాల్టిమోర్, ఐరోపా

1896లో బాల్టిమోర్ లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ వద్ద చేరాడు. శస్త్రచికిత్సలో వేగమే గొప్పదనంగా భావిస్తున్న కాలంలో, కణజాలాన్ని మృదువుగా పట్టుకొని, ప్రతి రక్తనాళాన్నీ ఓపికగా కట్టి, తొందర లేకుండా పని ముగించటం హాల్‌స్టెడ్ పద్ధతి. మెదడు వంటి సున్నితమైన అవయవానికి ఈ పద్ధతి తప్ప మరొకటి పనికిరాదని కుషింగ్ గ్రహించాడు. అక్కడే ప్రసిద్ధ వైద్యుడు విలియం ఆస్లర్‌తో స్నేహం ఏర్పడింది. 1900లో ముఖంలో తీవ్రమైన పోటును కలిగించే ట్రైజెమినల్ నరపు నొప్పికి శస్త్రచికిత్సా విధానాన్ని ప్రచురించి పేరు పొందాడు. తల, ముఖభాగాల నొప్పి విషయమై ఇతని ఆసక్తి అప్పటి నుండే కనబడుతుంది.

1900-01 సంవత్సరాలలో ఐరోపాలో పర్యటించాడు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో థియోడర్ కోకర్, హ్యూగో క్రోనెకర్ల వద్ద పరిశోధన చేశాడు. పుర్రెలో ఒత్తిడి పెరిగినప్పుడు శరీరం రక్తపోటును పెంచి మెదడుకు రక్తం అందేలా చూస్తుందని ప్రయోగపూర్వకంగా తెలుసుకున్నాడు. రక్తపోటు పెరగటం, నాడి మందగించటం, శ్వాస క్రమం తప్పటం అనే మూడు లక్షణాలను కలిపి కుషింగ్ త్రయం అంటారు. తలకు దెబ్బ తగిలిన రోగిని కనిపెట్టి ఉండే నర్సులు నేటికీ ఈ మూడింటి కోసమే చూస్తారు. తిరుగు ప్రయాణానికి ముందు ఇటలీలోని పావియాలో రివా-రోచీ రూపొందించిన రక్తపోటు కొలిచే సాధనాన్ని చూసి, దానిని అమెరికాకు తెచ్చి ప్రచారం చేశాడు.

1902లో కేథరిన్ క్రోవెల్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమారులు, ముగ్గురు కుమార్తెలు.

తలనొప్పికి కారణం

కుషింగ్ మెదడు శస్త్రచికిత్సను చేపట్టే నాటికి ఆ రోగుల పరిస్థితి దయనీయంగా ఉండేది. పుర్రె నలువైపులా మూసుకుపోయిన ఎముక పెట్టె. అందులో మెదడు, రక్తం, మెదడు చుట్టూ తిరిగే ద్రవం అనే మూడే ఉంటాయి. వీటికి తోడు ఒక కణితి గాని, ద్రవం నిండిన తిత్తి గాని పెరిగితే మిగిలినవి ఇరుకున పడతాయి. కణితి చిన్నదైనప్పటికీ ద్రవం ప్రవహించే సన్నని దారిలో అడ్డుగా ఉంటే ద్రవం వెనుకకు నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. తెల్లవారుజామున ఎక్కువయ్యే తలనొప్పి, వాంతులు, కంటి నరపు వాపు, క్రమేణా చూపు తగ్గటం దీని లక్షణాలు. చాలామంది రోగులు అద్దాలు మార్చుకుంటూ, తలనొప్పి మందులు మింగుతూ ఏళ్ళు గడిపి, కళ్ళు పోయిన తరువాత శస్త్రవైద్యుని వద్దకు చేరేవారు.

మెదడు పదార్థానికి నొప్పి తెలియదు. 1909లో కుషింగ్ మూర్ఛ వ్యాధి గల ఇద్దరు రోగులు మెలకువగా ఉండగానే వారి మెదడు ఉపరితలాన్ని స్వల్ప విద్యుత్తుతో తాకి చూశాడు. వారు చేతిలో స్పర్శ కలిగినట్లు చెప్పారే గాని నొప్పి ఉన్నదని చెప్పలేదు. నొప్పి తెలిసేది మెదడును కప్పి ఉన్న పొరలకు, పెద్ద రక్తనాళాలకు. అవి సాగినప్పుడు, లాగబడినప్పుడు తలనొప్పి కలుగుతుంది. కాబట్టి తలనొప్పి తీవ్రతకు, కణితి పరిమాణానికి సూటి సంబంధం లేదు. నిమ్మకాయంత కణితి ఉండి తలనొప్పి లేనివారూ ఉంటారు, బఠాణీ గింజంత తిత్తితో విలవిలలాడేవారూ ఉంటారు.

ఎక్స్-రేలో కణితి కనబడదు. అది ఎక్కడ ఉన్నదో తెలియకపోయినా రోగికి ఉపశమనం కలిగించే మార్గాన్ని కుషింగ్ 1905లో ప్రతిపాదించాడు. కణత దగ్గరి కండరాన్ని విడదీసి, దాని కింది ఎముకలో కొంత భాగాన్ని తొలగించి, పై పొరను తెరచి, కండరాన్ని మరల కుట్టివేసేవాడు. లోపలి ఒత్తిడికి ఆ మేరకు చోటు దొరికేది. అంతకు ముందు ఇతరులు చేసిన ఇటువంటి ప్రయత్నాలలో మెదడు రంధ్రం గుండా బయటకు పొడుచుకు వచ్చి రోగి మరింత దుస్థితికి లోనయ్యేవాడు. కణత కండరం దానిని అడ్డగించటమే ఈ పద్ధతిలోని సూక్ష్మం. కణితి అలాగే ఉండిపోయేది, కానీ తలనొప్పి తగ్గేది, చూపు నిలిచేది. దీనిని అసంపూర్ణ చికిత్సగా విమర్శించటం సులభమే. కానీ నొప్పితో గోడకు తల బాదుకునే మనిషికి కొన్ని నెలలో, కొన్ని సంవత్సరాలో ప్రశాంతంగా గడవటం తక్కువ విషయం కాదు.

క్యాన్సరు కాని కణితులు

మెదడు లోపల గాక, మెదడును కప్పిన పొరల నుండి పుట్టే కణితులకు 1922లో కుషింగ్ మెనింజియోమా అని నామకరణం చేశాడు. అంతకు ముందు వీటికి లెక్కలేనన్ని పేర్లుండేవి. ఇవి మెదడును నొక్కుతాయి గాని, చాలావరకు అందులో కలిసిపోవు. పూర్తిగా తొలగించగలిగితే రోగికి వ్యాధి నుండి విముక్తి లభించే అవకాశం ఉన్నది.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికా సైన్యాధికారి జనరల్ లియొనార్డ్ వుడ్. క్యూబాలో ఉన్నప్పుడు 1898లో ఇతని తలకు దెబ్బ తగిలింది. తరువాత ఎడమ కాలిలో మూర్ఛలు, బలహీనత మొదలయ్యాయి. 1910లో కుషింగ్ ఇతని పుర్రె తెరచి మెనింజియోమాను తొలగించాడు. వుడ్ కోలుకొని సర్వసైన్యాధ్యక్ష పదవి నిర్వహించాడు, 1920లో అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీపడ్డాడు, ఫిలిప్పీన్స్ గవర్నర్ జనరల్‌గా పనిచేశాడు. పదిహేడు సంవత్సరాలు చురుకైన జీవితం గడిపాడు. అయితే కణితి మరల పెరిగింది. 1927 ఆగస్టులో కుషింగే చేసిన మరొక శస్త్రచికిత్స తరువాత వుడ్ మరణించాడు. ఈ మరణం కుషింగ్‌ను ఎంతో బాధించింది. క్యాన్సరు కాని కణితి అన్నంత మాత్రాన అది నిరపాయకరం కాదని చెప్పటానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

చెవి నరంపై పెరిగే కణితుల గురించి 1917లో ప్రత్యేక గ్రంథం వెలువరించాడు. వీటిని పూర్తిగా పెకలించబోతే ఆనాడు చాలామంది బల్ల మీదనే చనిపోయేవారు. అందుచేత కణితి తొడుగును వదలివేసి, లోపలి పదార్థాన్ని మాత్రం తొలిచి తీసే పద్ధతిని కుషింగ్ అవలంబించాడు. మరణాలు గణనీయంగా తగ్గాయి. దీనికి ప్రతిఫలంగా కొందరిలో కణితి మరల పెరిగేది.

పీయూష గ్రంథి కణితుల విషయంలోనూ ఇదే వివేచన కనబడుతుంది. 1912లో ఈ గ్రంథిపై ఇతని పుస్తకం ప్రచురితమయింది. 1910 నుండి 1925 వరకు పై పెదవి లోపలి నుండి, ముక్కు మార్గంగా 231 మందికి శస్త్రచికిత్స చేశాడు. మరణాల శాతం 5.6. ఆ కాలానికి ఇది ఆశ్చర్యకరమైన సంఖ్య. అయినా చూపు తిరిగి రావటం, కణితి మళ్ళీ పెరగకపోవటం అనే రెండు అంశాలలో పుర్రె తెరచి చేసే మార్గమే మేలనిపించి, తనకు కీర్తి తెచ్చిన పద్ధతిని తానే క్రమంగా విడిచిపెట్టాడు. తరువాతి దశాబ్దాలలో సూక్ష్మదర్శిని సాయంతో ముక్కు మార్గం మరల వాడుకలోకి వచ్చింది. ఈ గ్రంథికి సమీపంలో తిత్తులతో కూడి పెరిగే క్రేనియోఫారింజియోమా అనే కణితికి ఆ పేరు స్థిరపడింది కూడా కుషింగ్ వలననే.

బోస్టన్‌లో

1912లో బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రికి ప్రధాన శస్త్రవైద్యునిగా, హార్వర్డ్‌లో ఆచార్యునిగా నియమితుడయ్యాడు. 1932 వరకు అక్కడే పనిచేశాడు. తెలుగువారికి ఈ ఆసుపత్రి పేరు మరొక విధంగా పరిచితమే. 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు పొట్ట పోసుకోవటానికి రాత్రివేళ పనివానిగా ఊడిగం చేసింది ఈ ఆసుపత్రిలోనే. అప్పటికి అక్కడ శస్త్రచికిత్సా విభాగానికి అధిపతి కుషింగ్.

మెదడు శస్త్రచికిత్సలో పెద్ద శత్రువు రక్తస్రావం. దారం ముడి వేయటానికి వీలులేని చోట రక్తనాళాన్ని నొక్కి ఉంచేందుకు 1911లో సన్నని వెండి క్లిప్పులు ప్రవేశపెట్టాడు. విలియం బోవీ అనే శాస్త్రజ్ఞుడు తయారు చేసిన విద్యుత్ పరికరాన్ని 1926 అక్టోబరులో మొదటిసారి ఉపయోగించాడు. అప్పటివరకు తాకటానికి భయపడిన కణితులను కూడా దానితో తొలగించగలిగాడు. వెనుకటి రోగులను కొందరిని మరల పిలిపించి, వదలివేసిన కణితులను తీసివేశాడు. 1929లో రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ బోస్టన్ వచ్చినప్పుడు ఈ పరికరంతో ఒక మాంసపు ముక్క మీద తన పేరు రాసి సంబరపడ్డాడు.

1931 ఏప్రిల్ 15న కుషింగ్ రెండు వేలవ మెదడు కణితి శస్త్రచికిత్స నిర్వహించాడు. తొలినాళ్ళలో విపరీతంగా ఉన్న మరణాల రేటు చివరి సంవత్సరాలలో పది శాతం లోపుకు దిగింది.

సహాయకుల పట్ల ఇతడు చాలా కఠినంగా ఉండేవాడు. చిన్న పొరపాటుకు కూడా అందరి ఎదుట మందలించేవాడు. రోగుల పట్ల మాత్రం ఎంతో ఓర్పు. ఇంటికి వెళ్ళిన రోగులు శస్త్రచికిత్స జరిగిన తేదీన ఏటేటా తనకు ఉత్తరం రాయాలని కోరేవాడు. తలనొప్పి తిరగబెట్టిందా, చూపు ఎలా ఉన్నది, పని చేసుకోగలుగుతున్నారా అన్నవి తెలిస్తేనే చికిత్స ఫలితం తెలిసినట్లని ఇతని భావన. ఈ పనిలో కుడిభుజంగా నిలిచినది లూయిజ్ ఐజెన్‌హార్ట్. 1915లో కార్యాలయ సహాయకురాలిగా చేరిన ఈమె తరువాత వైద్యం చదివి, కణితులను సూక్ష్మదర్శినిలో పరీక్షించే నిపుణురాలయింది. ప్రతి రోగి వివరాలు, కణితి నమూనా, ఛాయాచిత్రాలు, ఉత్తరాలు ఈమె భద్రపరచింది. 1935లో శస్త్రచికిత్స తరువాత దీర్ఘకాలం జీవించిన రోగుల గురించి ఈమె వ్యాసం ప్రకటించింది. ఇద్దరూ కలిసి రాసిన మెనింజియోమాల గ్రంథం 1938లో వెలువడింది. పెర్సివల్ బెయిలీతో కలిసి 1926లో చేసిన గ్లయోమా కణితుల వర్గీకరణ కూడా ఈ సేకరణ ఆధారంగా రూపొందినదే.

మొదటి ప్రపంచ యుద్ధం

1915లో పారిస్ సమీపంలోని అమెరికన్ సైనిక ఆసుపత్రిలోను, 1917 నుండి బ్రిటిష్ సేనల వెనుక ఫ్లాండర్స్‌లోను పనిచేశాడు. మెదడులో దిగిన లోహపు ముక్కలను అయస్కాంతంతో బయటకు లాగేవాడు. తలకు లోతైన గాయాలైనవారిలో సగానికి పైగా ఉన్న మరణాలు ఇతని పద్ధతులతో మూడవ వంతు కంటే తక్కువకు వచ్చాయి. 1917 ఆగస్టులో ఆస్లర్ ఏకైక కుమారుడు రెవెర్ గాయపడి మరణించినప్పుడు కుషింగ్ పక్కనే ఉన్నాడు. 1918లో చేతులు, కాళ్ళు మొద్దుబారే జబ్బు చేసి, దాని ప్రభావం చివరిదాకా వదలలేదు.

డాండీతో వైరం

బాల్టిమోర్‌లో కుషింగ్ వద్ద శిక్షణ పొందిన వాల్టర్ డాండీ తరువాత గురువుకు దీటుగా ఎదిగాడు. 1918లో మెదడు కుహరాలలోకి గాలి ఎక్కించి ఎక్స్-రే తీసే పద్ధతిని డాండీ కనుగొన్నాడు. లోపలి కణితి స్థానం తెలుసుకోవటానికి అదొక పెద్ద ముందడుగు. దాని ప్రమాదాల దృష్ట్యా కుషింగ్ దానిని చాలాకాలం అంగీకరించలేదు. 1922లో చెవి నరపు కణితిని సంపూర్ణంగా తొలగించినట్లు డాండీ ప్రకటించటంతో ఇరువురి మధ్య ఘాటైన ఉత్తరాలు నడిచాయి. ఈ రెండు విషయాలలోనూ కాలం డాండీ పక్షమే వహించింది.

మెదడు నట్టనడుమ ఉండే మూడవ కుహరంలో కొల్లాయిడ్ తిత్తి అనే చిన్న గుండ్రని తిత్తి కొందరిలో ఏర్పడుతుంది. ఇందులో జిగురు వంటి పదార్థం ఉంటుంది. అది ద్రవం ప్రవహించే ద్వారానికి సరిగ్గా ఎదురుగా ఉండటం వలన, బిరడా వలె దారి మూసినప్పుడు హఠాత్తుగా భరింపరాని తలనొప్పి వస్తుంది. కొందరిలో తల వాల్చిన భంగిమను బట్టి నొప్పి పెరగటం, తగ్గటం ఉంటుంది. అరుదుగా అకస్మాత్తుగా మరణం కూడా సంభవించవచ్చు. ఇటువంటి తిత్తిని 1921లో మొట్టమొదట విజయవంతంగా తొలగించినది డాండీయే. 1933లో మూడవ కుహరపు కణితుల మీద ఒక పుస్తకం కూడా రాశాడు.

రచనలు, కుటుంబం

1925లో రెండు సంపుటాలుగా వెలువరించిన విలియం ఆస్లర్ జీవితచరిత్రకు 1926లో పులిట్జర్ బహుమతి లభించింది. అదే సంవత్సరం జూన్‌లో, యేల్‌లో చదువుతున్న పెద్ద కుమారుడు విలియం కారు ప్రమాదంలో మరణించాడు. వార్త తెలిసిన ఉదయం కూడా కుషింగ్ ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సను పూర్తి చేసిన తరువాతనే బయలుదేరాడు. దీనిని కర్తవ్యదీక్ష అని కొందరు, కాఠిన్యమని కొందరు రాశారు. యుద్ధకాలపు దినచర్య 1936లో పుస్తకంగా వచ్చింది. నోబెల్ బహుమతికి ఇతని పేరు అనేకసార్లు ప్రతిపాదించబడినా, అది దక్కలేదు.

చివరి సంవత్సరాలు

1933లో యేల్ విశ్వవిద్యాలయానికి ఆచార్యునిగా వెళ్ళి 1937 వరకు పనిచేశాడు. విపరీతమైన సిగరెట్ల అలవాటు వలన కాళ్ళ రక్తనాళాలు పూడుకుపోయి, ఎక్కువసేపు నిలబడలేని స్థితి ఏర్పడింది. పాత వైద్యగ్రంథాల సేకరణ ఇతని చివరి వ్యాపకం. వెసాలియస్ రాసిన బరువైన గ్రంథం ఒకటి ఎత్తబోగా గుండెనొప్పి వచ్చిందని చెబుతారు. 1939 అక్టోబరు 7న న్యూ హేవెన్‌లో గుండెపోటుతో మరణించాడు.

శవపరీక్షలో ఒక అనూహ్యమైన విషయం బయటపడింది. కుషింగ్ మెదడులోని మూడవ కుహరంలో సుమారు ఒక సెంటీమీటరు కొల్లాయిడ్ తిత్తి ఉన్నది. రెండు వేలకు పైగా తలలు తెరచి చూసిన వైద్యుని తలలో అది ఉన్నట్లు ఆయన జీవించి ఉండగా ఎవరికీ తెలియదు. ఆయన ప్రాణం తీసినది గుండె, తిత్తి కాదు.

ఈ విషయం నేటి వైద్యులకు కేవలం వింత కాదు. 1970లలో సి.టి. స్కానింగు, 1980లలో ఎం.ఆర్.ఐ. వచ్చిన తరువాత, మరే కారణానికో తీసిన చిత్రంలో ఇటువంటి తిత్తులు కనబడటం సాధారణమయింది. తలనొప్పి చాలామందికి వచ్చేదే కాబట్టి, తిత్తి ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని నిశ్చయించలేరు. ద్రవం నిలిచి ఒత్తిడి పెరిగిన ఆనవాళ్ళు ఉంటే శస్త్రచికిత్స చేస్తారు. చిన్నదై, లక్షణాలు లేనప్పుడు చాలా సందర్భాలలో కొంతకాలానికొకసారి స్కాన్ తీస్తూ గమనిస్తారు. తలలో ఏదో ఉన్నదన్న బెంగ కూడా రోగి జీవితాన్ని కుంగదీస్తుంది కనుక, ఫలితాన్ని చూసేటప్పుడు స్కాన్‌తో పాటు రోగి నిద్ర, ఉద్యోగం, మనఃస్థితి గురించి కూడా విచారించటం ఇప్పుడు వాడుకలోకి వచ్చింది.

శిష్యులు, స్మారకాలు

కుషింగ్ వద్ద నేర్చుకున్నవారు అనేక దేశాలలో ఈ శాఖను నెలకొల్పారు. ఇంగ్లండులో హ్యూ కెయిర్న్స్, స్కాట్లండులో నార్మన్ డాట్, కెనడాలో కెన్నెత్ మెకెంజీ వారిలో ముఖ్యులు. స్వీడన్‌కు చెందిన హెర్బర్ట్ ఒలివెక్రోనా 1929లో కుషింగ్ వద్ద కొంతకాలం గడిపాడు. తలనొప్పితో, సన్నగిల్లిన చూపుతో వచ్చిన హంగేరీ రచయిత ఫ్రిజెష్ కరింతికి 1936లో స్థానిక మత్తుతో మెదడు శస్త్రచికిత్స చేసినది ఒలివెక్రోనాయే. రోగిగా తన అనుభవాన్ని కరింతి పుస్తకంగా రాశాడు. బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో కుషింగ్ వద్ద కొద్దికాలం పనిచేసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ తరువాత మాంట్రియల్‌లో సంస్థను స్థాపించాడు. పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందిన డాక్టర్ జేకబ్ చాందీ 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో భారతదేశపు మొదటి నాడీ శస్త్రచికిత్సా విభాగాన్ని ప్రారంభించాడు. చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల రోగులు ఎందరో ఆ విభాగానికి వెళ్ళినవారే.

1931లో ఏర్పడిన హార్వే కుషింగ్ సొసైటీ 1967లో అమెరికన్ నాడీ శస్త్రవైద్యుల సంఘంగా పేరు మార్చుకున్నది. 1988లో అమెరికా తపాలా శాఖ కుషింగ్ చిత్రంతో 45 సెంట్ల బిళ్ళ విడుదల చేసింది. ఐజెన్‌హార్ట్ భద్రపరచిన 2200 మందికి పైగా రోగుల వివరాలు, వందలాది జాడీలలోని నమూనాలు, వేల గాజు ఛాయాచిత్రాలు చాలాకాలం యేల్ విద్యార్థి వసతిగృహపు నేలమాళిగలో దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిని శుభ్రపరచి, 2010 జూన్‌లో యేల్ వైద్య గ్రంథాలయంలో కుషింగ్ కేంద్రం పేరుతో ప్రదర్శనకు ఉంచారు.